ఫిర్యాదు చేయించడమా, తలుపు తెరిచి ఉంచడమా: ఏది మేలు?

హింసాత్మక తీవ్రవాదం వైపు జారుతున్న యువకుణ్ణి ముందే గుర్తించి వెనక్కి తేవడానికి ఐరోపాలో ఒకదానికొకటి పొసగని రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి బ్రిటన్ ప్రభుత్వ కార్యక్రమమైన ‘ప్రివెంట్’. రెండోది డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరం అనుసరించే పద్ధతి.

2015 నాటి చట్టంతో బ్రిటన్ ఈ పనిని బడులకు, ఆసుపత్రులకు, స్థానిక సంస్థలకు చట్టబద్ధమైన బాధ్యతగా అప్పగించింది. ఎక్కడో ఒక మంచి అధికారి ఉంటేనే పని జరుగుతుందన్న పరిస్థితి లేకుండా దేశమంతటా ఒకే ఏర్పాటు ఉండటం దీనిలోని మేలు. అయితే అనుమానం కలిగినవారి పేరు పైకి చెప్పకపోతే తప్పవుతుందన్న భయం ఉపాధ్యాయుల చూపునే మార్చేస్తుంది. లూటన్‌లో నాలుగేళ్ల పిల్లవాడు తన తండ్రి కత్తితో దోసకాయ కోస్తున్నట్టు బొమ్మ గీసి ‘కుకుంబర్’ అంటే, నర్సరీ సిబ్బందికి అది ‘కుకర్ బాంబ్’ అని వినిపించిందన్న వార్త 2016లో వచ్చింది. ఇంత సన్నని వల వేసినా, 2024లో సౌత్‌పోర్ట్‌లో పసిపిల్లలను పొడిచి చంపిన యువకుడి పేరు అంతకుముందు మూడుసార్లు ప్రివెంట్ దాకా వచ్చి, మూడుసార్లూ మూసేసిన దస్త్రాల్లో చేరింది.

ఆర్హుస్‌లో సమాచారం ఎదురు దిశలో నడుస్తుంది. బాల నేరాల కోసం డెన్మార్క్‌లో 1970ల నుంచే ఉన్న బడి, సంక్షేమ శాఖ, పోలీసుల ఉమ్మడి ఏర్పాటునే అక్కడివారు ఈ పనికీ వాడుకున్నారు. కొడుకు తీరు మారిందని బెంగపడే తల్లి తనంతట తానే పోలీసులు నడిపే సహాయ కేంద్రానికి ఫోన్ చేయవచ్చు. అవతల ఎత్తినవారు ముందు మాట్లాడతారు, అవసరమైతే ఆ కుర్రవాడికి తోడుగా ఒక మార్గదర్శకుణ్ణి పెడతారు. అక్కడి యుద్ధం కోసం సిరియా వెళ్లి తిరిగివచ్చినవారిలో నేరం చేసినట్టు ఆధారాలున్నవారిని కోర్టుకు పంపి, మిగిలినవారికి చదువు, ఇల్లు, వైద్యం విషయంలో సాయం చేశారు. మూసేయమని రాజకీయ నాయకులు పట్టుబట్టిన గ్రిమ్హోయ్ మసీదుతో సైతం పోలీసులు మాటలు మానలేదు. 2013లో ఆ నగరం నుంచి సుమారు 30 మంది సిరియాకు వెళ్లగా, 2014లో వెళ్లింది ఒక్కరే. ఈ తగ్గుదలంతా ఈ పద్ధతి ఘనతేనని నేను అనను. కానీ తల్లి ఫోన్ చేసే ఊరికీ, పిల్లవాడి బొమ్మకు భయపడే ఊరికీ మధ్య ఎంచుకోమంటే నా ఓటు ఆర్హుస్‌కే.

చిక్కంతా ఈ పద్ధతిని దేశం దాటించడంలో ఉంది. పోలీసుకు ఫోన్ చేయవచ్చన్న నమ్మకం డెన్మార్క్‌లో ఉన్నంతగా మాలీలోనో, నైజీరియాలోనో ఉంటుందని అనుకోలేం. ఆఫ్రికాలో తీవ్రవాద ముఠాల్లో చేరినవారితో మాట్లాడి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2017లో వెలువరించిన అధ్యయనంలో, ఇష్టపూర్వకంగా చేరినవారిలో 71 శాతం మంది తమను చివరగా అటు నెట్టింది ప్రభుత్వ చర్యేనని, అంటే అయినవారిని చంపడమో, అరెస్టు చేయడమో అని చెప్పారు. అలాంటి చోట ఫిర్యాదు చట్టం నిప్పుకు ఆజ్యమే అవుతుంది. పోలీసు నడిపే సహాయ కేంద్రానికి ఎవరూ రారు. అందుకే పలు దేశాలు కలిసి 2014లో జెనీవాలో నెలకొల్పిన ‘జీసెర్ఫ్’ నిధి ఊళ్లలోని చిన్న సంఘాలకు డబ్బు అందించే దారి పట్టింది. ఆర్హుస్ సారాన్ని పోలీసులు లేకుండా తీసుకెళ్లగలిగేది ఇదేనని నా అభిప్రాయం. కాకపోతే ఆ డబ్బు మీద ‘తీవ్రవాద నిరోధం’ అన్న ముద్ర పైకి కనబడితే, ఏ తల్లుల కోసం ఆ సంఘం పెట్టారో ఆ తల్లులే దాని గడప తొక్కడానికి జంకుతారు.