ముల్లు కడగాలా, మార్చాలా? బ్రష్షు, జెల్, ద్రవం: ఏది మేలు?

"పాట గరగరమంటోంది. రికార్డు ప్లేయర్ ముల్లు శుభ్రం చేయడానికి బ్రష్షు కొనమంటారా, ద్రవం కొనమంటారా?" పాత ఎల్పీ రికార్డులను అటక మీద నుంచి దించిన వాళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఇది. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ముల్లును చూశారా? కళ్లద్దాలు సర్దుకుని చూస్తే అది చూసినట్టు కాదు.

మాది మిర్యాలగూడ. యాసంగి కోతలు మొదలయ్యాయంటే రైస్ మిల్లుల ఊక నుసి కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. పోయిన వేసవిలో నా ప్లేయర్‌లో స, ష అక్షరాలన్నీ చీలినట్టు వినిపించసాగాయి, రికార్డు లోపలి అంచుకు వచ్చేసరికి మరీను. హైదరాబాదులో ఒక దుకాణంలో చూపిస్తే ముల్లు అరిగింది, మార్చేయమన్నారు. మార్చలేదు. ఇంటికి తెచ్చి చూస్తే వజ్రపు కొన చుట్టూ బూడిదరంగు ముద్ద గట్టిపడి ఉంది. అది ఊడాక పాట మునుపటిలాగే పలికింది.

అందుకే చెవిని నమ్మవద్దంటాను. మురికికీ అరుగుదలకీ చెవికి తేడా తెలియదు, ఏదో తేడా చేసిందని మాత్రం చెబుతుంది.

కంసాలి దగ్గర ఉండే పది రెట్ల భూతద్దం చవక, జేబులో పడుతుంది. మురికి ముద్ద, కొన విరిగిపోవడం, దాన్ని మోసే సన్నటి కడ్డీ వంగడం అందులో బాగానే కనిపిస్తాయి. కనిపించనిది అరుగుదలే. మామూలు ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. దాని మీద పడిన చదును చూడాలంటే కనీసం వంద రెట్లు పెద్దది చేయాలి. మహబూబ్‌నగర్‌లో ఒక పాత ప్లేయర్‌తో పాటు నాకు వచ్చిన ముల్లు భూతద్దంలో ముత్యంలా ఉంది. నెలల తరబడి దానితోనే మా నాన్నగారి రికార్డులు వేశాను. తరువాత మైక్రోస్కోపు కింద పెడితే కొనకు రెండు పక్కలా, గాడి గోడలు రాసుకునే చోట, రెండు అద్దం పెంకులు మెరిశాయి. కొత్త కొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెలుగు దాని మీద చుక్కలా నిలుస్తుంది, పలకలా పరుచుకోదు. అలా చదునైన కొన అంచులు గాడిని చెక్కేస్తాయి. రికార్డుకు జరిగిన ఆ నష్టం ఏ ద్రవంతోనూ పోదు.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది మైక్రోస్కోపు మీదే. బడి ప్రయోగశాలలో ఉండే రకం చాలు: పది రెట్ల కంటికటకం, పది రెట్ల వస్తుకటకం. దాని దీపం కింది నుంచి వెలుగుతుంది, మనకు పనికిరాదు. పక్క నుంచి టార్చి వేయాలి. ముల్లును కార్ట్రిడ్జ్ (ముల్లు అమరి ఉండే చిన్న డబ్బా) నుంచి ఊడదీసి, కొన పైకి ఉండేలా మైనపు ముద్ద మీద నిలబెట్టాలి. నలభై రెట్ల వస్తుకటకం జోలికి పోవద్దు, అది కొనకు తగిలేంత దగ్గరికి దిగుతుంది. కంప్యూటర్‌కు తగిలించే రకం కూడా సరే, పెట్టె మీద రాసిన రెట్లను మాత్రం నమ్మకండి.

ఇక శుభ్రం చేయడం. పొడి బ్రష్షు రోజువారీ పనికి, రికార్డు ప్రతి పక్క వేసే ముందు. వెనుక నుంచి ముందుకు, రికార్డు కదిలే దిశలోనే తుడవాలి. ఎదురుగానో అడ్డంగానో తుడిస్తే కడ్డీ విరగవచ్చు. గట్టిపడిన మురికి మీద బ్రష్షు పని చేయదు.

ద్రవం ఆ మురికిని వదిలిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ద్రవం మనం పూసిన చోటే ఆగదు. కడ్డీ వెంట పైకి పాకి దాన్ని పట్టి ఉంచే రబ్బరును చేరుతుంది. ఆల్కహాల్ అయితే వజ్రాన్ని అతికించిన జిగురును కూడా వదులు చేయవచ్చు. వాడి తీరాలంటే బ్రష్షు కొసకు ఒక్క బొట్టు, అంతే.

నేను వాడేది జెల్. దాని మెత్తటి దిండు మీద ముల్లును నిలువుగా దించి, నిలువుగా ఎత్తడమే. మురికి దిండుకు అంటుకుని ఉండిపోతుంది, కడ్డీ మీద పక్కబలం పడదు. పది పన్నెండు సార్లు ముంచితే నా ముల్లు మీది ముద్ద ఊడింది. నేను కొన్న ద్రవం సీసా అప్పటి నుంచి మూత తీయకుండా ఉంది.

మరకలు తుడిచే మెలమైన్ స్పాంజీ ముక్కతోనూ ఇదే పద్ధతి, కాకపోతే పక్కకు లాగితే ముల్లు దక్కదు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. వేలితో గీరేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ప్లేయర్ పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టాను. శంఖువు ఆకారపు కొనకు ఆయుష్షు సుమారు 500 గంటలు, ఎలిప్టికల్‌కు (అండాకారపు కొనకు) 300 అని ముళ్లు తయారుచేసే ఆడియో-టెక్నికా కంపెనీ చెబుతుంది. రికార్డు పక్కకు ఇరవై నిమిషాల చొప్పున 300 గంటలంటే 900 పక్కలు. ఆ మహబూబ్‌నగర్ ముల్లుతో ఎన్ని పక్కలు వేశానో లెక్క లేదు, అప్పుడు రాసుకోలేదు.