పాత స్పోర్ట్స్ కారు మైలేజీ పడిపోతే: ఈఎల్ఎమ్327 బ్లూటూత్ అడాప్టర్ ఎంతవరకు పనికొస్తుంది?

పాత స్పోర్ట్స్ కారు పెట్రోలు ఎక్కువ తాగుతోందని అనుమానం రాగానే చాలామంది మొదట కొనే వస్తువు ఈఎల్ఎమ్327 బ్లూటూత్ అడాప్టరే. స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే, ఇంజిన్ కంప్యూటర్ చూస్తున్న అంకెలు మనకూ కనిపిస్తాయి. కొనదగ్గ వస్తువే, అందులో అనుమానం లేదు. అయితే యాప్‌లో అందరి కళ్లూ ముందు పడేది మైలేజీ మీటర్ మీద. ఈ పనికి అన్నిటికంటే తక్కువ నమ్మాల్సింది ఆ మీటర్‌నే.

ముందు మీ కారుకు ఇది పనిచేస్తుందా అన్నది తేల్చుకోండి. కారు కంప్యూటర్ సమాచారాన్ని ఇలా పోర్టు ద్వారా బయటికిచ్చే ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అంతకంటే పాతవాటికి ఈ అడాప్టర్ సాధారణంగా దండగే. మాజ్దా ఎంఎక్స్-5 తొలి తరం కార్లలో చాలావాటికి బానెట్ కింద డయాగ్నసిస్ అని రాసిన చిన్న పెట్టె ఉంటుంది. అందులో టీఈఎన్, జీఎన్‌డీ టెర్మినళ్లను వైరు ముక్కతో కలిపి, చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతుందో లెక్కపెట్టుకోవాలి. బీఎండబ్ల్యూ ఈ36లో ఇంజిన్ దగ్గరే 20 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, దాని స్కానర్ వేరు.

ఇక చిప్ సంగతి. ఈఎల్ఎమ్327ను తయారుచేసింది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్. ఆ సంస్థ 2022లో మూతపడింది. మార్కెట్లో దొరికే చౌక నీలం డబ్బాల్లో దాదాపు అన్నీ నకలు చిప్‌లే. 'వెర్షన్ 1.5' అని కనిపిస్తే ఇంకో మాట అక్కర్లేదు, అసలు సంస్థ ఆ నంబరుతో చిప్ విడుదల చేయలేదు. కొత్త కార్లన్నీ అడాప్టర్‌తో క్యాన్ అనే డేటా పద్ధతిలో మాట్లాడతాయి కాబట్టి నకలు చిప్‌తో కూడా నడిచిపోతుంది. పాత కార్లతోనే చిక్కు. వాటిలో ఐఎస్ఓ 9141-2, కేడబ్ల్యూపీ 2000, పాత ఫోర్డ్, జీఎం కార్లలో జే1850 అనే పాత డేటా పద్ధతులు ఉంటాయి. కొన్ని నకలు అడాప్టర్లు వీటికి అసలు కనెక్ట్ కావు, కొన్ని కనెక్ట్ అయి మధ్యలో తెగిపోతాయి. అందుకే పాత కారు ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ పెట్టి ఈఎల్ఎమ్327కు బదులుగా పనిచేసే ఎస్‌టీఎన్ చిప్ ఉన్న అడాప్టర్ తీసుకోవడం మేలు. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్నదే కొనాలి, మామూలు బ్లూటూత్‌ రకం వాళ్లకు పనికిరాదు. అడాప్టర్ లైటే వెలగకపోతే వెంటనే తిప్పి పంపకండి. పోర్టులో 16వ పిన్నుకు కరెంటు వస్తోందా చూడండి. చాలా కార్లలో ఆ లైనుకూ సిగరెట్ లైటర్‌కూ ఒకటే ఫ్యూజు, అది కాలిపోయి ఉండొచ్చు.

మైలేజీ మీటర్‌ను ఎందుకు నమ్మకూడదో ఒక లెక్కతో చూద్దాం. పాత కార్లు పెట్రోలు ఎంత ఖర్చవుతోందో నేరుగా చెప్పవు. కాబట్టి యాప్ మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్, అంటే మాఫ్, చెప్పిన గాలిని తీసుకుని, గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి అన్న లెక్కన 14.7తో భాగిస్తుంది. సెకనుకు 3 గ్రాముల గాలి అంటే 0.204 గ్రాముల పెట్రోలు, గంటకు 735 గ్రాములు, లీటరుకు 745 గ్రాముల చొప్పున సుమారు 0.99 లీటరు. ఇప్పుడు ఆ మాఫ్ తీగకు మురికి పట్టి గాలిని తక్కువ చూపిస్తోందనుకోండి. యాప్‌లో మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది! కంప్యూటర్ తన దిద్దుబాటుగా 15 శాతం పెట్రోలు అదనంగా కొడుతున్నా, ఆ దిద్దుబాటును, అంటే ఫ్యూయల్ ట్రిమ్‌ను, లెక్కలోకి తీసుకోని యాప్‌కు ఆ సంగతి తెలియదు. మైలేజీ కొలవాలంటే ఫుల్ టు ఫుల్ పద్ధతే గతి: ఒకే పంపులో, గన్ మొదటిసారి ఆగినచోట ఆపి, కనీసం 3 ట్యాంకులు. టైరు సైజు మారిందా అన్నదీ అప్పుడే చూడాలి. 205/45 ఆర్16 తీసి 205/50 ఆర్16 వేస్తే చక్రం 3.5 శాతం పెద్దదవుతుంది, ఓడోమీటర్ అంత తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. కారులో ఏ లోపమూ లేకుండానే మైలేజీ పడిపోయినట్టుంటుంది.

అడాప్టర్ అసలు సత్తా చూపించేది కూలెంట్ ఉష్ణోగ్రత దగ్గర. దీనికోసమైనా కొనొచ్చు అంటాను. రాత్రంతా ఆగి ఉన్న కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలెంట్, ఇన్‌టేక్ గాలి రీడింగులు పక్కపక్కన చూడండి. రెండూ ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి. కూలెంట్ 15 డిగ్రీలు తక్కువ చూపిస్తే ఇంజిన్ వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. సెన్సర్ విప్పి మల్టీమీటర్‌తో చూస్తే చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 0.3 కిలో ఓమ్ ప్రాంతంలో రావాలి. సెన్సర్ బాగుంటే రోడ్డెక్కండి. సుమారు పావుగంటలో 80 దాటి అక్కడే నిలబడాలి. ట్రాఫిక్‌లో 85 ఉండి హైవే మీద 65కు జారితే, కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్ అయిన థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. డాష్‌బోర్డు ముల్లు దీన్ని పట్టివ్వదు. చాలా కార్లలో అది విస్తారమైన పరిధి అంతటా నడిమధ్యలోనే నిలబడేలా తయారుచేశారు. ఈ లోపాన్ని చెప్పే పీ0128 కోడ్ వస్తుందిలే అని కూర్చోకండి, పాత కంప్యూటర్లలో చాలావాటికి ఆ పరీక్షే లేదు. ఈ లోపం సరిచేయడానికి తేలిక, పట్టుకోవడానికే కష్టం. ఆ కష్టాన్ని ఈ అడాప్టర్ తీరుస్తుంది.

పక్కనే ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్ పెట్టుకోండి. ఇంజిన్ వేడెక్కాక నిలకడగా నడుపుతుంటే 'క్లోజ్డ్ లూప్' అని ఉండాలి. ఇంకా 'ఓపెన్ లూప్' అంటుంటే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్ మాట కంప్యూటర్ వినడం లేదన్నమాట.

తరువాత ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ అంటే కంప్యూటర్ పెట్రోలు పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. అప్పటికప్పుడు చేసే షార్ట్ టర్మ్, నేర్చుకుని దాచుకునే లాంగ్ టర్మ్ రెండూ కూడి చూడాలి. 5 శాతం అటూ ఇటూ ఉంటే కదిలించకండి, 10 దాటితే వెతకాలి. ఐడిల్‌లో చూడండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర చూడండి, ఎత్తు ఎక్కుతున్నప్పుడు చూడండి. ఐడిల్‌లో +18 ఉండి 2,500 దగ్గర +4కు దిగితే వాక్యూమ్ లీక్: పగిలిన రబ్బరు గొట్టాలు, ఎండిపోయిన ఇన్‌టేక్ గాస్కెట్. లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే మాఫ్ మురికి, ఫ్యూయల్ ఫిల్టర్, పంపు. ఐడిల్‌లో మైనస్ వైపు పోతే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం లాగి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే లోపలి డయాఫ్రమ్ చిరిగింది. లేదంటే కారే ఇంజెక్టర్, ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కు వదిలే పర్జ్ వాల్వ్ మూసుకోకపోవడం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్రిమ్ ప్లస్‌లో ఉంది కాబట్టి అంత శాతం పెట్రోలు వృథా అవుతోందని లెక్కవేస్తారు. అది తప్పు. మాఫ్ తక్కువ చూపిన గాలిని కంప్యూటర్ ట్రిమ్‌తో సరిచేసుకుంటోంది, సిలిండర్‌లో మిశ్రమం సరిగ్గానే ఉంది, మైలేజీ మీద ప్రభావం చాలా కొద్దిగా ఉంటుంది. నిజంగా పెట్రోలు తినేది ఆక్సిజన్ సెన్సర్ మోసపోయినప్పుడు. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర చిన్న లీక్ ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అయితే మండని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ 'పెట్రోలు చాలలేదు' అంటుంది, కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తుంది. మాఫ్ లోపాన్నీ సెన్సర్ మోసపోవడాన్నీ విడదీసేది ఎలా? ట్రిమ్ ప్లస్‌లో ఉన్నా స్పార్క్ ప్లగ్గులు నల్లగా మసిపట్టి, సైలెన్సర్ గొట్టంలో పొడి మసి కనిపిస్తే సెన్సర్ మోసపోతోంది. అప్పుడు మాఫ్ క్లీనర్ స్ప్రే కొట్టి లాభం లేదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి మొదటి నిమిషంలో మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ శబ్దం వస్తోందా వినండి, వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆ శబ్దం పోతుంది. టర్బో కార్లలో ఇంకో తిరకాసు ఉంది. మాఫ్ తరువాత ఇంటర్‌కూలర్ గొట్టం ఊడితే ఐడిల్‌లో ప్లస్ చూపించి, బూస్ట్‌లో నల్లపొగ వదులుతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్‌ను చూసేటప్పుడు స్క్రీన్ మీద మిగతా గేజ్‌లన్నీ తీసేయండి. ఐఎస్ఓ 9141 కార్లలో డేటా సెకనుకు 10,400 బిట్ల వేగంతోనే వస్తుంది, ప్రతి ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆగాలి కూడా. ఎనిమిది గేజ్‌లు పెడితే ఒక్కొక్కటీ ఎప్పటికో కదులుతుంది, బాగున్న సెన్సర్ కూడా మందగించినట్టే ఉంటుంది. ఒక్కటే పెట్టి వేడి ఇంజిన్‌ను 2,500 దగ్గర పట్టుకుంటే 0.1, 0.9 వోల్టుల మధ్య సెకనుకు దాదాపు ఒకసారైనా ఊగాలి. ఊగకుండా 0.7 మీద కూర్చుంటే మిశ్రమం నిజంగానే చిక్కగా ఉందా, సెన్సరే ముసలిదైందా అన్నది పైన చెప్పిన గుర్తులతో తేల్చుకోవాలి. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న కార్లకు ఈ వోల్టేజీ లెక్క వర్తించదు.

ఇంకొక మంచి ఉపయోగాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ఆర్‌పీఎంను వేగంతో భాగించి చూస్తే క్లచ్ జారడం తెలుస్తుంది. టాప్ గేరులో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర 3,000 ఉంటే నిష్పత్తి 30, అదే గేరులో ఏ వేగంలోనైనా 30 ఉండాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే 33కు పోయి మళ్లీ దిగితే క్లచ్ ప్లేటు అరిగింది.

దీని చేతిలో లేనివీ చాలా ఉన్నాయి, అసలు లోపం తరచూ అక్కడే ఉంటుంది. బ్రేకు పట్టేసిన సంగతి ఏ సెన్సరూ చెప్పదు. ఎక్కువ రోజులు కదలకుండా ఉండే స్పోర్ట్స్ కార్లలో వెనక క్యాలిపర్ స్లైడ్ పిన్నులు, హ్యాండ్‌బ్రేక్ మెకానిజం తుప్పుపట్టి ఇరుక్కుంటాయి. పావుగంట నడిపి, చివర్లో బ్రేకు వాడకుండా దొర్లించి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కుడి ఎడమ డిస్కులు పోల్చండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రం విప్పాల్సిందే. అలైన్‌మెంట్, చల్లటి టైర్లలో గాలి, 10 శాతం ఇథనాల్ పెట్రోలుకు సుమారు 3 శాతం తగ్గే శక్తి, ఇవన్నీ కూడా అడాప్టర్ పరిధిలోకి రావు.

కోడ్‌లు చెరిపేసే బటన్ అన్ని యాప్‌లలోనూ కళ్లెదురుగానే ఉంటుంది. ముందే నొక్కకండి. లోపం వచ్చిన క్షణంలో దాచిన రీడింగులు, అంటే ఫ్రీజ్ ఫ్రేమ్, పోతాయి, చాలా కార్లలో నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా సున్నా అవుతుంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే చెరపండి. రిపేరు అయ్యాక ట్రిమ్ మళ్లీ కుదురుకునేదాకా రకరకాల వేగాల్లో నడిపి, ఆ తరువాతే ఫుల్ టు ఫుల్ లెక్క మొదలుపెట్టండి. వారాల తరబడి షెడ్డులో ఉండే కారైతే అడాప్టర్ పోర్టులోనే వదిలేయకండి. ఇగ్నిషన్ ఆపినా 16వ పిన్ను నుంచి అది కరెంటు లాగుతూనే ఉంటుంది, బ్యాటరీ పడిపోతుంది.