బ్లాక్-6తో పాటు మరికొన్ని ల్యాబ్ చుంచెలుకలు: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

జ్ఞాపకశక్తి ప్రయోగాలకు ఒక్క స్ట్రెయిన్ (జన్యుపరంగా దాదాపు ఒకేలా ఉండేలా పెంచిన చుంచెలుకల వంశం) మాత్రమే తీసుకోమంటే నేను సి57బిఎల్/6 పేరే చెబుతాను. ల్యాబ్‌లో అందరం బ్లాక్-6 అంటాం. వాటర్ మేజ్ అనే ఈత పరీక్ష తొట్టిలో వదిలితే ఈ నల్ల చుంచెలుక మొదట్లో గోడ పట్టుకునే ఈదుతుంది. శిక్షణ సాగేకొద్దీ గోడ వదిలేసి, నీళ్ల కింద దాచిన ప్లాట్‌ఫాం వైపు దాదాపు నేరుగా వెళ్తుంది. ఆ తర్వాత ప్లాట్‌ఫాం తీసేసినా అక్కడక్కడే తిరుగుతూ వెతుకుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

దీనికీ లోపాలున్నాయి. వయసు పెరిగేకొద్దీ చెవుడు వస్తుంది. ముసలి బ్లాక్-6కు శబ్దంతో భయం నేర్పే పరీక్ష పెడితే, అది మరిచిపోయిందో, అసలు వినలేదో తేల్చుకోవాలి. ఒకే కేజ్‌లో ఉన్నవి ఒకదాని మీసాలు ఒకటి కొరికేస్తాయి కూడా.

సి3హెచ్/హెచ్ఈజే, ఎఫ్‌విబి/ఎన్ అనే స్ట్రెయిన్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఆర్‌డి1 అనే జన్యులోపం వల్ల తల్లిపాలు మానే వయసుకే వీటి చూపు దాదాపు పోతుంది. ప్లాట్‌ఫాం ఎక్కడుందో పోల్చుకోవడానికి గది గోడల మీద పెట్టిన గుర్తులే కనబడని ఎలుకకు మతిమరుపు అంటగట్టడం అన్యాయం. అందుకే ఏ స్ట్రెయిన్‌కైనా ముందు జెండా కట్టిన, పైకి కనబడే ప్లాట్‌ఫాంతో చూపు పరీక్షించండి.

బాల్బ్-సి అనే స్ట్రెయిన్‌కు టెన్షన్ ఎక్కువ. ఓపెన్ ఫీల్డ్ అనే ఖాళీ పెట్టెలో పెడితే మధ్యలోకి రాకుండా అంచునే నక్కి ఉంటుంది. డీబీఏ/2 అనే మరో స్ట్రెయిన్ స్థలం గుర్తుపెట్టుకోవడంలో వెనకబడుతుంది, పిల్ల వయసులో పెద్ద శబ్దానికి ఫిట్స్ వస్తాయి. అయినా ఆల్కహాల్ ప్రయోగాలకు దీన్ని మించిన జోడీ బ్లాక్-6కు లేదు: ఆల్కహాల్ కలిపిన నీళ్లు బ్లాక్-6 బాగా తాగుతుంది, డీబీఏ/2 పెద్దగా ముట్టదు. 1999లో క్రాబ్, వాల్‌స్టెన్, డుడెక్ అనే పరిశోధకులు మూడు ఊళ్ల ల్యాబుల్లో ఒకే పరికరాలతో, ఒకే పద్ధతిలో పరీక్షించినప్పుడు ఆ తేడా మూడుచోట్లా నిలిచింది. ఆందోళనను కొలిచే ఎలివేటెడ్ ప్లస్ మేజ్ (ఎత్తులో పెట్టిన ప్లస్ గుర్తు ఆకారపు దారి) ఫలితాలు మాత్రం ల్యాబును బట్టి మారిపోయాయి. నా అనుభవమూ అదే. ఆందోళన కొలతలను వేరే ల్యాబు అంకెలతో నేను పోల్చను.

కొనేటప్పుడు బ్లాక్-6 అని రాసి ఊరుకోకండి, దాని శాఖల్లో జే కావాలో ఎన్ కావాలో తేల్చుకోండి. 1951లో విడిపోయిన ఈ రెండు శాఖల్లో ఎన్‌కు కంటి రెటీనాను దెబ్బతీసే ఆర్‌డి8 లోపం ఉంది, జేకు లేదు. నేను జేనే తెప్పిస్తాను.