తిరగరాయడం నేర్పిన కోర్సు: కాలేజీ కంపోజిషన్‌పై నా రివ్యూ

మొన్ననే ఫస్టియర్ కంపోజిషన్ కోర్సు, అంటే వ్యాసాలు రాయడం నేర్పే కోర్సు, పూర్తి చేశాను. 15 వారాలు, నాలుగు వ్యాసాలు, ఒక్కోదానికి కనీసం మూడు డ్రాఫ్టులు, చివర్లో రాసినవన్నీ కలిపి పెట్టే ఫైలు, అదే పోర్ట్‌ఫోలియో. తీసుకోవాలా వద్దా అని చాలామంది అడుగుతుంటారు కాబట్టి నాకు ఏం వచ్చిందో, ఏం రాలేదో కాస్త వివరంగానే రాస్తున్నాను. నాకు చాలా నచ్చింది. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ తగ్గించిన ఒకటి ఎందుకో కింద చెబుతాను.

చేరేటప్పటికి నాకు రాయడం వచ్చనే అనుకున్నాను. స్కూల్లో వ్యాసాలకి మంచి మార్కులే వచ్చేవి. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు ఉండాలి, పేజీలు నిండాలి, అంతే నాకు తెలిసింది. అదే ధీమాతో మొదటి వ్యాసాన్ని 'నేటి ఆధునిక సమాజంలో విద్య అత్యంత ప్రాముఖ్యత కలిగినదిగా పరిగణించబడుతోంది' అని మొదలుపెట్టి ఇచ్చాను. తిరిగొచ్చిన కాగితం మీద ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో మా మేడమ్ రాసింది ఒక్క ప్రశ్న: 'ఎవరి చేత?' తప్పు అని కొట్టెయ్యలేదు, ఎర్ర గీత పెట్టలేదు. ఆ ప్రశ్నకి జవాబు రాద్దామని కూర్చుంటే నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు పేజీల్లో అలాంటి 'బడుతోంది', 'బడింది'లు లెక్కపెడితే 11 వచ్చాయి. ఒక్కొక్కటీ తీసి, ఎవరు చేశారు, ఎవరు అనుకున్నారు, ఎవరు చెప్పారు అని పేరు పెట్టి రాయడానికి ప్రయత్నిస్తే సగం వాక్యాలు నిలబడలేదు, ఎందుకంటే అక్కడ నాకు తెలిసిన విషయమే ఏదీ లేదు.

క్లాసు మొదట్లో పది నిమిషాలు పెన్ను ఆపకుండా రాయించేవారు. ఎవరూ చదవరు, మార్కులుండవు. ఈ పద్ధతికి 1970లలో పీటర్ ఎల్బో అనే అధ్యాపకుడు బాగా ప్రచారం తెచ్చారట. నాకు మొదటి మూడు వారాలు విసుగ్గా ఉండేది, తర్వాత ఖాళీ పేజీ చూస్తే వచ్చే టెన్షన్ మాత్రం నిజంగా తగ్గింది.

అసలు మార్పు రెండో వ్యాసం దగ్గర వచ్చింది. హాజరు తప్పనిసరి చేయాలా వద్దా అన్న టాపిక్ తీసుకున్నాను. వద్దు అని రాశాను. విద్యార్థులు పెద్దవాళ్లు, వాళ్ల బాధ్యత వాళ్లకి తెలుసు, బలవంతంగా కూర్చోబెడితే చదువు రాదు, ఇలా అందరూ చెప్పేవే వరుసగా పేర్చాను. ఈ కోర్సులో ప్రతి డ్రాఫ్టునీ ముందు తోటి విద్యార్థులు ఇద్దరు చదవాలి. నాది చదివిన అమ్మాయి బాగుంది, బాగాలేదు అని ఏమీ అనలేదు. 'నువ్వు ఎప్పుడైనా క్లాసు మానేశావా? ఎందుకు మానేశావు?' అని అడిగింది, అంతే.

మానేశాను. పోయిన సెమిస్టర్‌లో జ్వరం వచ్చి లెక్కల క్లాసు రెండుసార్లు పోయింది, మూడోసారి వెళ్లేసరికి బోర్డు మీద ఉన్నది ఒక్క ముక్క అర్థం కాలేదు, అడిగితే అందరి ముందూ ఏమంటారో అని సిగ్గేసి నాలుగోసారి వెళ్లలేదు, అలా నెల గడిచిపోయింది. ఇది ఎవరికీ చెప్పలేదు, వ్యాసంలో రాయాల్సిన సంగతని నాకు తట్టనే లేదు. ఆ రాత్రి అది ఉన్నదున్నట్టు రాసి చూసుకుంటే నా వాదనే మారిపోయింది. హాజరు నియమం ఉండాలా వద్దా అన్న ప్రశ్న పక్కకి పోయి, ఒకసారి వెనకబడ్డవాడు తిరిగి క్లాసులోకి రావడానికి కాలేజీ ఏ దారి ఉంచింది అన్న ప్రశ్న ముందుకొచ్చింది. మొదటి డ్రాఫ్టులోంచి మూడో డ్రాఫ్టుకి మిగిలినవి నాలుగు వాక్యాలు. అప్పటిదాకా తిరగరాయడం అంటే నాకు అక్షర దోషాలు దిద్దడం, ఒక మాట తీసి దానికంటే బరువైన మాట పెట్టడం.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత తెలిసింది. నాన్సీ సోమర్స్ అనే అధ్యాపకురాలు 20 మంది విద్యార్థులూ, 20 మంది అనుభవమున్న రచయితలూ తమ రాతని ఎలా మార్చుకుంటారో పోల్చి చూసి 1980లో ఒక వ్యాసం ప్రచురించారు. విద్యార్థులు ఎక్కువగా మాటల దగ్గరే ఆగిపోతున్నారనీ, అనుభవం ఉన్నవాళ్లు మాత్రం తమ వాదనకి ఏ రూపం సరిపోతుందా అని వెతుక్కోవడాన్నే తిరగరాయడం అంటున్నారనీ ఆమె గమనించారు. మా మేడమ్ ఈ సంగతి రెండో వ్యాసం అయిపోయాకే చెప్పారు. ముందే చెప్పుంటే నోట్సులో రాసుకుని మర్చిపోయేదాన్ని.

ఇంకో పద్ధతి, ఇప్పుడు మిగతా సబ్జెక్టుల్లో కూడా వాడుతున్నాను. డ్రాఫ్టు అయిపోయాక ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయాలి, తర్వాత ఆ వాక్యాలు మాత్రమే వరుసగా చదవాలి. ఒకే మాట రెండు పేరాల్లో ఉన్నా, ఏమీ చెప్పని పేరా ఉన్నా అక్కడే దొరికిపోతాయి. మూడో వ్యాసంలో నాకు ఏడు పేరాల్లో రెండు ఇలాగే పోయాయి.

ఆ మూడోది పరిశోధన వ్యాసం. దానికి స్టీఫెన్ టూల్మిన్ అనే తత్వవేత్త వాదనల గురించి 1958లో చెప్పిన పద్ధతి నేర్పారు: నువ్వు అంటున్నదేమిటి, దానికి ఆధారమేమిటి, ఆ ఆధారం నుంచి ఆ మాటకి ఏ నమ్మకం మీద వెళ్తున్నావు. ఆ నమ్మకాన్ని చాలాసార్లు పైకి చెప్పం, అవతలివాళ్లతో గొడవ ఎక్కువగా అక్కడే వస్తుంది. ఇది అర్థమయ్యాక వార్తలు చదివే తీరు కూడా మారింది నాకు.

ఇక నచ్చనివి. మూడో వ్యాసం మీద కామెంట్లు నాలుగోది ఇచ్చేశాక వచ్చాయి. డ్రాఫ్టుల మీదే నడిచే కోర్సులో ఇది చిన్న విషయం కాదు, ఆ కామెంట్లు వారం ముందు వచ్చుంటే నాలుగోదానిలో అదే తప్పు మళ్లీ చేసేదాన్ని కాదు. తప్పు మేడమ్‌ది అనను. మా సెక్షన్‌లో 28 మందిమి. రాత నేర్పే క్లాసులో 20కి మించి ఉండకూడదని, 15 అయితే మేలని అమెరికాలో కంపోజిషన్ అధ్యాపకుల సంఘమే చెబుతుంది. 28 మందివి మూడేసి డ్రాఫ్టులు ఒక్క మనిషి శ్రద్ధగా చదవాలంటే ఎలా కుదురుతుంది? సీట్లు పెంచుతూ పోయేవాళ్లు ఇది ఆలోచించాలి.

తోటివాళ్లు చదవడం కూడా అదృష్టం మీద ఆధారపడింది. నాకు మంచి పాఠకురాలు దొరికింది, నా పక్కన కూర్చునే అబ్బాయికి మాత్రం సెమిస్టర్ అంతా 'బాగుంది' అన్న మాట తప్ప ఏమీ రాలేదు. ఏం అడగాలో మొదటి వారంలోనే నేర్పి, గ్రూపులు మధ్యలో మార్చి ఉంటే బాగుండేది. మూలాలు ఎలా చూపించాలి, ఎక్కడ కాపీ అవుతుంది అన్నది కూడా రెండు క్లాసుల్లో హడావిడిగా ముగించారు, చాలామంది భయంతోనే మిగిలిపోయారు.

గ్రామర్ కోసం చేరాలనుకుంటే ఇది ఆ కోర్సు కాదు. విడిగా పాఠాలు చెప్పరు, మీ వ్యాసంలో వచ్చిన తప్పు దగ్గరే ఆగి మాట్లాడతారు. మొదట నాకూ అసంతృప్తిగా ఉండేది, కానీ నా వాక్యాలు ఎక్కువగా గజిబిజి అయ్యేది నేను చెప్పేది నాకే తేలనప్పుడని డ్రాఫ్టులు పక్కపక్కన పెట్టుకుంటే కనిపించింది.

రాయడం ఇష్టం లేనివాళ్లు, నాకు రాదులే అని ముందే అనుకునేవాళ్లు తప్పకుండా తీసుకోండి. ఇప్పటికే మార్కులు బాగా తెచ్చుకుంటున్నవాళ్లు ఇంకా తప్పకుండా తీసుకోండి, మొదటి నెల కష్టంగా ఉంటుంది. కుదిరితే తక్కువమంది ఉన్న సెక్షన్ చూసుకోండి, ఆ సెమిస్టర్‌లో ఇంకో బరువైన సబ్జెక్టు పెట్టుకోకండి. మొదటి డ్రాఫ్టులు మాత్రం ఎంత చెత్తగా అనిపించినా పారేయకండి, పోర్ట్‌ఫోలియోలో అన్నీ వరుసగా పెట్టి ఏది ఎందుకు మార్చారో రాయాలి. నా మొదటి వ్యాసం ఇప్పటికీ ఫైల్లో అన్నిటికంటే పైనే ఉంది, 'ఎవరి చేత?' అన్న పెన్సిల్ రాతతో సహా.