ఫ్రైబుర్గ్‌లో ఒక సైనికుడి కాగితాల కోసం మూడు రోజులు

స్టుట్‌గార్ట్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలికి డెబ్బై అయిదేళ్లు. ఆవిడ తండ్రి 2004లో పోయారు. ఆయన హిట్లర్ సైన్యంలో పనిచేశారని, ఆయన తల్లి యూదురాలని ఆవిడకు తెలుసు. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో ఎలా ఇమిడాయో ఆయన కూతురికి ఏనాడూ చెప్పలేదు. 1990లలో ఒక అమెరికన్ పరిశోధకుడికి మాత్రం చెప్పారని పాత ఉత్తరాల వల్ల తెలిసింది. బ్రయాన్ మార్క్ రిగ్ అనే ఆ పరిశోధకుడు ఇలాంటి మాజీ సైనికులను నాలుగు వందల మందికి పైగా కలిశారు. ఆ సేకరణ ఇప్పుడు ఫ్రైబుర్గ్ సైనిక ఆర్కైవ్స్‌లో ఉంది. తోడు రమ్మని ఆవిడ అడిగితే వెళ్లాను.

కార్ల్స్‌రూహేలో రైలు మారి మధ్యాహ్నానికి చేరాము. మొదటి రాత్రి పాత ఊరిలో ఒక చిన్న అతిథి గృహంలో దిగాము. సాయంత్రం ఆరు దాటితే అక్కడ మనిషి ఉండరు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ముందే అడగనందుకు బాధపడ్డాను. మర్నాడు రైల్వే స్టేషను పక్క హోటలుకు మారాము. అద్దె కొంచెం ఎక్కువే, కానీ లిఫ్టుంది, ట్రాము ఎదురుగానే. పెద్దవాళ్లతో వెళ్లేవారు నేరుగా అక్కడే దిగడం మేలు.

ఆర్కైవ్స్‌కు కొన్ని వారాల ముందే రాసి, కావలసిన దస్త్రాలు చెప్పి పెట్టుకోవాలి. సంచులు బయటి పెట్టెలో పెట్టి, పెన్సిలు, కాగితాలతో లోపలికి వెళ్లాలి. చూడడానికి రుసుము లేదు. పాత జర్మన్ చేతిరాత మాత్రం మన కరణాల గొలుసుకట్టు రాతలాంటిదే, అలవాటు లేనివారికి కొరకరాని కొయ్య. పక్క బల్ల దగ్గరి పెద్దాయన ఒకరు ఓపికగా చదివి పెట్టారు.

యుద్ధంలో సైనికుడి జేబులో జీతాల పుస్తకం ఉంటుంది. సేవా వివరాలు రాసే సైనిక పాసు అనే పుస్తకం దళం దగ్గర ఉండి, విడుదలైనప్పుడు చేతికొస్తుంది. ఆవిడ తండ్రి పాసు నకలులో పోలెండ్, ఫ్రాన్సు యుద్ధాలు, ఇనుప శిలువ పతకం వరుసగా నమోదై ఉన్నాయి. ఆ కింద 1940 శరత్కాలంలో విడుదల, పక్కన మూడు అక్షరాలు: ఎన్, జెడ్, వి. ‘వాడుకోరాదు’ అని అర్థమట. తాతమామ్మల్లో ఇద్దరు యూదులైన వారిని సైన్యం నుంచి తీసేయాలని ఆ ఏడాది ఏప్రిల్ 8న ఆజ్ఞ వచ్చింది. చాలామందికి అది అమలయ్యే సరికి ఫ్రాన్సు యుద్ధం ముగిసింది. పతకం నమోదైన పుస్తకంలోనే ఈ మాట రాయడానికి ఆ గుమాస్తాకు చేయి ఎలా ఆడిందో నాకు అర్థం కాలేదు.

ఆపైన ఒక అర్జీ ఉంది. ‘జర్మన్ రక్తం వాడే’ అని హిట్లర్ స్వయంగా సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం కోసం. ముందు నుంచి, పక్క నుంచి తీయించుకున్న ఫొటోలు జతచేశారు. తల్లిని కాపాడుకోవడానికే అడిగానని ఆయన పరిశోధకుడికి చెప్పారు. రాలేదు. 1944లో ఆయన్ను బలవంతపు కూలికి తీసుకుపోయారు. ఆవిడ ఆ ఫొటోల దగ్గరే చాలాసేపు ఆగిపోయారు. ఇరవై మూడేళ్ల నాన్నను చూడడం అదే మొదటిసారి అన్నారు.

సాయంత్రం పాత సినగాగ్ చౌకుకు వెళ్లాము. 1938 నవంబరులో తగలబెట్టిన ప్రార్థనా మందిరం పునాది ఆకారంలో అక్కడ పలుచని నీటి కొలను కట్టారు. మున్‌స్టర్ అనే పెద్ద చర్చి గోపురం, వీధి కాలువలు అందమైనవే, కానీ ఒక్క గంటే సమయముంటే ఈ చౌకుకే వెళ్లండి.

అధికారి కాని మామూలు సైనికుడి వివరాలకు బెర్లిన్ వెళ్లనక్కర్లేదు. అక్కడి రైనికెన్‌డార్ఫ్‌లో కోటీ ఎనభై లక్షలకు పైగా సైనికుల కార్డులున్నాయి. 2019 నుంచి అవి జాతీయ ఆర్కైవ్స్ అధీనంలో ఉన్నాయి. దరఖాస్తు పంపితే చాలు, జవాబుకు నెలలు పడుతుంది. మేమూ పంపాము. రోజూ తపాలా పెట్టె తెరిచేది ఇప్పుడు ఆవిడే.