క్లచ్చర్, బారెట్ క్లిప్పు: ఏళ్ల తరబడి వాడాక

నా జుట్టు ఒత్తుగా, నడుము దాకా ఉంటుంది. దాన్ని రోజంతా నిలిపి ఉంచేవి రెండే: సెల్యులోజ్ అసిటేట్ క్లచ్చర్, ఉక్కు బారెట్ క్లిప్పు, అంటే వెనక కొక్కెంతో బిగించే పొడవాటి క్లిప్పు. క్లిప్పు ఎంత పెద్దదన్నది కాదు, దాని పళ్లు ఎక్కడ దిగాయన్నదే ముఖ్యమని ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టి నమ్మకం కలిగింది.

క్లచ్చర్ పెట్టేముందు జుట్టంతా మెడ దగ్గర ఒక చేతిలోకి తీసుకుని, గట్టిగా మెలితిప్పి, తలకు ఆనించి పైకి మడుస్తాను. అప్పుడు క్లచ్చర్‌ను బాగా తెరిచి, పళ్లు మాడును తాకుతూ మెలికకు రెండు వైపులా దిగేలా వదులుతాను. పళ్లకు మెలిక ఒక్కటే చిక్కితే జుట్టు బరువుకు ముడి మెల్లగా జారిపోతుంది. తలకు ఆనుకున్న జుట్టు కూడా చిక్కిందా, మెట్లెక్కినా పరుగెత్తినా కదలదు.

అసిటేట్ నాకు ఇష్టం. దూది, కలప గుజ్జుల నుంచి తీసిన సెల్యులోజ్‌తో చేస్తారు. మామూలు ప్లాస్టిక్ పళ్లు పుటుక్కున విరిగే చోట ఇది కాస్త వంగి ఊరుకుంటుంది. మెరుపు తగ్గింది గానీ పన్ను ఒక్కటీ పోలేదు. అయితే నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ తగిలితే మాత్రం కరిగిపోతుంది, దూరంగా ఉంచండి. వెనక్కి వాలి కూర్చోవాలంటే క్లచ్చర్ పనికిరాదు, తలకు గుచ్చుకుంటుంది.

ఆ పూట బారెట్‌దే. దాని లోపల విల్లులా వంగిన సన్నని రేకు ఉంటుంది. చాలా క్లిప్పుల్లో అది ఊడి వస్తుంది. ఒత్తు జుట్టుకు తీసేయాలి, పలచని జుట్టుకు ఉంచాలి. ఈ చిన్న సంగతి క్లిప్పుతో పాటు ఎవరూ చెప్పరు, అందుకే చాలామంది మంచి క్లిప్పును పట్టడం లేదని పక్కన పడేస్తారు. తలపై భాగం జుట్టును మాత్రం వెనక్కి తీసి పెట్టుకోవడానికి దీనికి సాటి లేదు. తడి జుట్టు సులువుగా సాగి తెగుతుంది కాబట్టి పూర్తిగా ఆరాకే పెడతాను. రోజూ ఒకేచోట బిగించినా కుదుళ్లు లాగుకుపోతాయి. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి మారుస్తాను.

కొనేటప్పుడు పళ్ల లోపలి అంచు మీద వేలు పెట్టి చూడండి. అచ్చులో పోసినప్పుడు మిగిలే అతుకు గీత గరుకుగా తగిలితే వద్దు, జుట్టును కోస్తుంది.