రొయ్యా, కవళ్లా? జెట్టీ మీద గాలానికి ఏ ఎర మంచిది

కాకినాడలో జెట్టీ మీద గాలాలు వేసేటప్పుడు నాకూ మా తమ్ముడికీ ఎర దగ్గరే పేచీ. నాది పచ్చి రొయ్య, వాడిది కవళ్ల (సార్డీన్ చేపల) ముక్క.

రొయ్యను కాదనే చేప దాదాపు ఉండదు. తల తీసి, తోక వైపు నుంచి గాలం గుచ్చి, మొన కాస్త బయటికి వచ్చేలా వదిలితే చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో మరబోట్లు ఆగినా, వనామీ చెరువుల పుణ్యమా అని మార్కెట్లో రొయ్యకు లోటుండదు. చిక్కల్లా చిన్న చేపలతోనే. జెట్టీ స్తంభాల చుట్టూ తిరిగే ఆ గుంపు కొరికి కొరికి ఎరను మాయం చేస్తుంది. అందుకే పెంకు వలవకుండా గుచ్చడం మేలు.

కవళ్లు చవక. వాటి నూనె వాసన నీళ్లలో దూరం పాకుతుంది కాబట్టి, నీరు మురికిగా ఉన్నప్పుడు వీటిదే పైచేయి. కానీ కండ మరీ మెత్తన. గట్టిగా విసిరితే ముక్క ఒకచోట, గాలం ఒకచోట పడతాయి. ముందురోజు రాత్రి కల్లుప్పు చల్లి ఉంచి, పొద్దున దారంతో చుడితే నిలుస్తుంది. (ఫ్రిజ్‌లో ఆ వాసనకి అమ్మ పెట్టే చివాట్లు అదనం.) పైగా దీనికి జెల్లలు, పీతలు ఎగబడతాయి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే నొప్పి మామూలుగా ఉండదు. గాలం పట్టకారుతోనే తీయాలి.

పగలు, తేట నీటిలో నా ఓటు రొయ్యకే. చీకటి పడ్డాక పోటు ఎక్కుతుంటే మాత్రం తమ్ముడి డబ్బా మూత నేనే తీస్తాను.